కాజా అంకెలు

“తువ్వాలు పెట్టనా అమ్మా? వద్దులే, మా ఇంట్లో ఉన్నాయి. దుప్పటి? అదీ ఉంది,” అని తనే అడిగి తనే జవాబు చెప్పుకుంటూ, మొన్ననే తన ఊరి నుంచి వచ్చిన ఆడపడుచు తల్లి బట్టలన్నీ సంచిలో కుక్కుతోంది.

అత్తగారు మంచం అంచున కూర్చుని గోడకేసి చూస్తోంది. వస్తాననీ అనదు, రాననీ అనదు. నిన్న సాయంత్రం ఎవరో పుణ్యాత్ముడు తన బండిలో తెచ్చి గుమ్మంలో దింపినప్పటి నుంచీ ఆవిడ నోట ఒకటే మాట.

“కునుకు పట్టిందే.”

“కునుకు పడితే స్టాపు దాటిపోతుంది గానీ బస్సు మారిపోతుందా?” ఆడపడుచు సంచిని మోకాలితో అదిమింది. “నువ్వు ఎక్కాల్సింది అరవై మూడు. దిగింది అరవై ఎనిమిదిలోంచి. ఎక్కడో ఊరవతల, బస్సులు నిలబెట్టే చోట! డ్రైవరు లైట్లు ఆర్పబోతూ చూశాడు కాబట్టి సరిపోయింది.”

“ఎక్కేటప్పుడే పట్టింది కునుకు.”

“నిలబడా?”

“నిలబడే.”

ఇంకో రోజైతే కోడలు పక్కున నవ్వేసేది. ఇవాళ గుమ్మంలో నిలబడి చేతిలో పెన్సిల్ని ఊరికే అటూ ఇటూ తిప్పుతోంది. ఆ అరవై ఎనిమిది నెత్తిన వెలిగే బోర్డు మీది అంకెలు తను గీసినవి మరి. అరవై మూడు మీదివీ తనవే. ప్రస్తుతానికి కొన్ని బస్సులకే పెట్టి చూస్తున్నారు. ఈ సాయంత్రం బస్సుల ఆఫీసరు ఫోన్ చేస్తాడు. తను సరే అంటే ఊళ్ళో బస్సులన్నిటికీ అవే అక్షరాలు, అవే అంకెలు.

“అమ్మాయ్,” అంది ఆడపడుచు, ఇటు తిరక్కుండానే. “మీ చదువులు నాకు తెలీవు. ముక్కుసూటిగా అడుగుతున్నా. తప్పు నీ అంకెలదా, మా అమ్మ కళ్ళదా?”

రాత్రంతా కోడలు తనని తాను అడుగుతున్నదీ అదే.

“అంకెలదైతే నువ్వూ నీ ఆఫీసరూ ఏడవండి, అమ్మ ఇక్కడే ఉంటుంది. కళ్ళదైతే మాత్రం నావల్ల కాదు తల్లీ. నాలుగో అంతస్తు. లిఫ్టు చూస్తే ఎప్పుడూ చెడిపోయే ఉంటుంది, నా తమ్ముడు లిఫ్టుల మెకానిక్కయి ఉండీను! మీరిద్దరూ పనుల్లో పడితే అమ్మ ఒంటరిగా ఆ మెట్ల మీద... నాతో తీసుకుపోతా. మాది కింది వాటా.”

“మీ ఊరు పగలంతా ప్రయాణం కదా వదినా.”

“అయితే ఏం? వచ్చి చూసుకోండి.”

“నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి,” అంది అత్తగారు గోడతోనే. “పిల్ల అంకెలకేం, అవీ నిక్షేపంలా ఉన్నాయి. తప్పంతా కునుకుది.”

ఆవిడ ఆ అంకెల్ని వెనకేసుకు రావడం ఇవాళ కొత్త కాదు. అసలు ఆ అంకెలు పుట్టిందే ఆవిడ వేళ్ళ మధ్య.

కోడలు కాపురానికి వచ్చిన కొత్తల్లో, ఏం మాట్లాడాలో తెలీక, అత్తగారి కుట్టుమిషన్ పక్కన పీట వేసుకు కూర్చునేది. ఆవిడ దర్జీ. కోట్లకి కాజాలు చేత్తో కుట్టేది. గుండీ దూరే ఆ చిన్న కంత చుట్టూ దారం తిప్పుతుంటే, చూసేవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు.

“చివర ఎందుకలా గుండ్రంగా తిప్పుతారు అత్తయ్యా?”

“మూల పెడితే అక్కడే చిరుగుతుంది పిల్లా. గుండీ లాగినప్పుడు ఆ లాగుడంతా ఒక్కచోట పడకూడదు.”

“ఇంత సన్నగా ఎందుకు?”

“వెడల్పైతే గుండీ ఉంటుందా, జారిపోదూ?”

“దారం ఇంత మందంగా?”

“ఎన్ని ఉతుకులు ఓర్చుకోవాలీ అది! ఏం ప్రశ్నలే బాబూ నీవి.”

సన్నగా, మందంగా, చివర గుండ్రంగా. కోడలు పీట మీంచి లేచి వెళ్ళి ఒక సున్నా గీసింది. బస్సు బోర్డు వెడల్పు ఎంతని? పొడుగాటి ఊరి పేర్లు అందులో పట్టాలి, అందుకని సన్నగా ఉండాలి. దూరం నుంచి కనపడాలి, అందుకని మందంగా ఉండాలి. మందంగా, సన్నగా ఉన్నవి ఊరికే నిలబెడితే రౌడీల్లా కనిపిస్తాయి. కొసలు గుండ్రంగా తిప్పేసరికి వాటి మొహాల్లోకి నవ్వు వచ్చింది.

ఆ కాగితం చూసి అత్తగారు ముక్కున వేలేసుకుంది. “ఓసి నీ దుంపతెగ! బస్సులో ఇరుక్కుని నిలబడ్డ బొద్దు మనుషుల్లా ఉన్నారే. భుజాలు రాసుకుంటున్నా ఒక్కరికీ కోపం లేదు చూడు.”

బస్సుల కంటే ముందు ఆ అక్షరాలు దగ్గు మందు సీసా మీదికెక్కాయి, బిస్కెట్ల డబ్బా మీదికెక్కాయి, ఆటలాడే పిల్లల చొక్కాల వీపుల మీదికెక్కాయి. ఎక్కడ కనిపించినా అత్తగారు ఆగిపోయేది. మందుల షాపువాణ్ణి పట్టుకుని, “ఇవి మా కాజాలు తెలుసా?” అనేది. వాడు సీసా తిప్పి తిప్పి చూసుకునేవాడు పాపం.

అలాంటి మనిషిని ఆ అంకెలే తీసుకెళ్ళి ఊరవతల పడేశాయంటే కోడలు ఎలా తట్టుకుంటుంది?

తట్టుకుంటుంది. చెప్పొద్దూ, అదే నిజమవ్వాలని కోరుకుంటోంది. తప్పు నా గీతదే అవ్వాలి, ఆవిడ కళ్ళు బాగుండాలి, ఆవిడ ఇక్కడే ఉండాలి. రెండేళ్ళు చేసిన పని బుగ్గిపాలైనా సరే. గీత తప్పయితే చెరిపి మళ్ళీ గీస్తుంది. కళ్ళని ఎక్కణ్ణించి గీసుకొస్తుంది?

సంచి జిప్పు బర్రుమని మూసుకుంది. ఆ సంచి కుట్టిందీ అత్తగారే.

“ఏంటిది, ఇంట్లో ఎవరన్నా ఊరెళ్తున్నారా?” అంటూ అప్పుడే వచ్చాడు మొగుడు, చేతులకి గ్రీజుతో. అక్క మొహమూ, పెళ్ళాం మొహమూ చూసి, నవ్వు అక్కడే ఆపేసి సింకు దగ్గరికి జారుకోబోయాడు.

“నువ్వు ఆగరా! ఎప్పుడూ గోడ మీద పిల్లివే. చెప్పు, తప్పు ఎవరిది?”

“ఎవరిదైతే ఏం అక్కా, అమ్మ ఇంటికొచ్చిందిగా.”

“ఈసారి రాకపోతే?”

మొగుడు పంపు తిప్పి చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

“చదివిద్దాం,” అంది కోడలు చివరికి. “బయట వరండా పొడుగ్గా ఉంది. ఆ కొసన అంకెలు అంటిస్తాను. అత్తయ్య ఈ కొసన నిలబడి చదువుతారు. అంతే. అప్పుడు తెలిసిపోతుంది.”

“సరే,” అంది ఆడపడుచు. “నేను అమ్మ పక్కనే ఉంటా. నువ్వు సైగలు చేస్తే ఊరుకోను.”

అత్తగారు మొదటిసారి ఇటు తిరిగింది. “వంటింటి గోడ మీద ఉన్నవేనా?”

“అవే అత్తయ్యా. నల్ల కాగితం మీద తెల్లవి. బస్సు మీద వెలిగినట్టే ఉంటాయని అక్కడ అంటించుకున్నాను కదా.”

“అవే అయితే సరే.” ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. “ముందు ఇన్ని మంచినీళ్ళు తాగొస్తా, ఉండు.”

మంచినీళ్ళకి అంతసేపు ఎందుకు పట్టిందో ఎవరూ పట్టించుకోలేదు. ఆడపడుచు తమ్ముణ్ణి సాధిస్తోంది, తమ్ముడు చేతులు తుడిచిందే తుడుస్తున్నాడు.

అత్తగారు బయటికొచ్చాక కోడలు వెళ్ళి గోడ మీది కాగితాలు ఒక్కొక్కటే ఊడదీసింది. ఊడదీసి, పేకముక్కల్లా కలిపేసింది. అది ఆమెకి చేతివాటు. పని నేర్పిన గురువు అలవాటు చేసిన పద్ధతి. వరుస తెలిసిపోతే కన్ను చూడటం మానేస్తుంది, గుర్తు తెచ్చుకుంటుంది అనేవాడాయన. అందుకని ఎప్పుడు అంకెల్ని పరీక్షకి పెట్టినా ముందు కలుపుతుంది. ఇవాళా కలిపింది. కలుపుతున్నానన్న ధ్యాస కూడా లేదు.

మొగుడు వరండా చివర, మెట్ల పక్క గోడకి వాటిని వరుసగా అంటించాడు. పొద్దు వాలుతోంది. కిటికీలోంచి వెలుతురు పల్చగా పడుతోంది. బస్సు కోసం మనుషులు నిలబడే వేళ అదే.

అత్తగారు ఇంటి గుమ్మం ముందు నిలబడింది. బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా చేతులు వెనక్కి కట్టుకుంది. పక్కన ఆడపడుచు. వాళ్ళ కాళ్ళ దగ్గర ఆ సంచి.

కోడలు గోడ పక్కన నిలబడి మనసులో దండం పెట్టుకుంది. తప్పు చదవండి అత్తయ్యా. ఒక్క మూడుని ఎనిమిది అనండి చాలు, మిగతావన్నీ కరెక్టుగా చదవండి. అప్పుడు తప్పు నాదని తేలిపోతుంది.

“చదవనా?”

“చదవండి.”

“అరవై మూడు,” అంది అత్తగారు, గొంతు సవరించుకుని.

గోడ మీద మొదటిది నలభై.

మొగుడు గోడకేసి చూశాడు, తల్లికేసి చూశాడు, మళ్ళీ గోడకేసి చూశాడు.

“పదిహేడు.”

రెండోది ఎనభై అయిదు. పదిహేడుకీ ఎనభై అయిదుకీ ఏ పోలికా లేదు. ఎంత తప్పుగా గీసినా ఒకటి ఎనిమిది అవ్వదు.

“నలభై. ఎనభై అయిదు.”

ఆవిడ కళ్ళు చికిలించడం లేదు. మెడ ముందుకు చాచడం లేదు. హాయిగా, తలాడిస్తూ, వంటింటి గోడ మీద నిన్నటిదాకా ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే అప్పజెప్పేస్తోంది. ఆడపడుచు నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

“అరవై ఎనిమిది!” ఆఖరిదాన్ని ఆవిడ కాస్త గట్టిగానే చదివింది. “చాలా? కునుకు పట్టకపోతే ఇదిగో, ఇలా చదువుతా నేను. ఏమే పెద్దదానా, ఇప్పుడేమంటావ్?”

కింద ఎవరో సైకిల్ తాళం తీస్తున్న చప్పుడు.

ఆడపడుచు కోడలికేసి చూసింది. కోడలు ఆడపడుచుకేసి చూసింది. ఆ ఇంట్లో ఇద్దరికీ ఒకే మాట మీద కుదరడం ఇదే మొదలు.

“అన్నీ కరెక్టే అత్తయ్యా,” అంది కోడలు.

“కరెక్టేనమ్మా,” అంది ఆడపడుచు.

“నేను చెప్తే విన్నారు గనకనా!” అత్తగారి మొహం వెలిగిపోయింది. “ఉండండి, అందరికీ టీ పెట్టుకొస్తా.”

ఆవిడ లోపలికి నడిచింది. కుడిచెయ్యి గోడని రాసుకుంటూ వెళ్ళింది. నెలల తరబడి ఆ చెయ్యి అలాగే వెళ్తోంది. కొడుకూ కోడలూ రోజూ చూశారు. ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

ఆవిడ అటు వెళ్ళగానే ఆడపడుచు తమ్ముడి దగ్గరికొచ్చి మెట్టు మీద కూలబడిపోయింది. “కనపడటం లేదురా అమ్మకి. ఏమీ కనపడటం లేదు.”

“మిషన్ బెల్టు తెగిందంది అక్కా.” మొగుడు నేలకేసి చూస్తున్నాడు. “కొత్తది తెస్తానంటే వద్దు, ఓపిక లేదు, ఇంక కుట్టనంది. బెల్టు బాగానే ఉంది. నేను మొన్న మిషన్ మీద కప్పిన గుడ్డ తీసి చూశాను కూడా. చూసి, సరేలే అనుకున్నా.”

“సరేలే అనుకున్నాట్ట! పెద్ద మెకానిక్కువి!” అని ఒంటికాలి మీద లేవబోయింది గానీ ఆడపడుచుకి కోపం రాలేదు, ఏడుపే వచ్చింది. “ఎంత కష్టపడి నేర్చుకుందో చూడు. ఆఖరికి ఒక్కటంటే ఒక్కటి కరెక్టుగా కుదిరింది. అరవై ఎనిమిది అనగానే, పోనీలే, ఇదన్నా సరిపోయింది అని ప్రాణం లేచొచ్చింది నాకు.”

కోడలు గోడ మీది ఆఖరి కాగితాన్నే చూస్తోంది.

“వదినా. ఆఖరిది ఏమిటన్నావ్?”

“అరవై ఎనిమిదేగా.”

“అరవై మూడు వదినా అది.”

“ఊరుకో. నా కళ్ళకేమైనా...” అంటూ ఆడపడుచు మెడ తిప్పి పక్కనే ఉన్న గోడకేసి చూసి ఆగిపోయింది.

మొగుడు మారు మాట్లాడకుండా ఇంటి గుమ్మం దాకా నడిచి వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూశాడు. లిఫ్టు దిగే చీకటి గొయ్యిలో తెగిన తీగ ఏదో వెతికి పట్టగల కళ్ళు అతనివి. “నాకూ ఎనిమిదే,” అన్నాడు మెల్లగా.

కోడలు పరుగున వెళ్ళి అత్తగారు నిలబడ్డ చోటే నిలబడింది. చూసింది. ఆ వెలుతురులో, నలుపు మీద తెలుపు ఉబ్బి, మూడుకున్న రెండు కొసలూ లోపలికి వంగి దాని ఒంటికే అతుక్కుపోయాయి. మూడుకి నోరు మూసుకుపోయింది. ఇంటి బల్ల మీద, తెల్ల కాగితం మీద, నల్ల సిరాలో అది ఎంత బాగా నోరు తెరిచేదో! ఎనిమిది పక్కన నిలబెడితే సమానంగా, వరుసగా, ముచ్చటగా కనపడాలని ఆ కొసల్ని ఇంకాస్త లోపలికి లాగింది తనే. ఎవరూ అడగలేదు. కేవలం అందం కోసం. ఆ రోజు మూడు వచ్చి తన భుజం మీద చెయ్యేసినంత సంబరపడింది.

“తప్పు నాదే,” అంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి. “వదినా, తప్పు నాదే! కళ్ళున్నవాళ్ళు కూడా అదే బస్సు ఎక్కేవాళ్ళు!”

“దీనికి పిచ్చి పట్టింది,” అంది ఆడపడుచు, కళ్ళు తుడుచుకుంటూ.

ఫోన్ అప్పుడే మోగింది.

“మేడమ్, మొదలుపెట్టమంటారా?” అన్నాడు ఆఫీసరు.

“ఆపండి సార్. ఇప్పుడున్నవి కూడా బస్సుల మీంచి తీసేయించండి. మూడు అంకె తప్పుగా గీశాను. సాయంత్రం పూట ఎనిమిదిలా కనపడుతోంది.”

“మళ్ళీ గీసేదాకా ఆగమంటే మా పైవాళ్ళు ఒప్పుకోరు మేడమ్. వేరేవాళ్ళవి తీసుకోమంటారు. ఇంకోసారి ఆలోచించుకోండి. మళ్ళీ చేస్తాను.”

“ఆలోచించేదేం లేదండీ,” అని ఫోన్ దించి, వెనక్కి తిరిగింది కోడలు.

గుమ్మంలో అత్తగారు. చేతిలో టీ కప్పుల పళ్ళెం. కప్పులు చిన్నగా గలగలమంటున్నాయి.

“ఎందుకే ఆపమన్నావ్?”

“అత్తయ్యా, అదేం లేదు...”

“నేను చదివాను కదా! అన్నీ కరెక్టే అన్నారు కదా! మరి ఎందుకు ఆపమన్నావ్?”

మొగుడు వెళ్ళి పళ్ళెం అందుకున్నాడు. చేతులు ఖాళీ అయ్యేసరికి ఆవిడ చిన్నపిల్లలా అయిపోయింది.

“చదవలేదే పిల్లా,” అంది. “నేను చదవలేదు. బట్టీ పట్టాను. పొయ్యి పక్కన, గోడకి ముక్కు ఆన్చి, ఒక్కొక్కటీ. దగ్గరైతే కాస్త ఆనుతుంది. దూరమైతే అంతా ముగ్గుపిండి చల్లినట్టు ఉంటుంది. నిన్న బస్సు వస్తుంటే తెల్లగా, గుండ్రంగా కనపడ్డాయి. మన కాజాలే కదా, ఎక్కడికి తీసుకుపోతాయిలే అని ఎక్కేశా.” ఆవిడ గాల్లోకి చెయ్యి చాచి కోడలి భుజం తడిమి పట్టుకుంది. “ఆ ఆఫీసరుకి ఫోన్ చెయ్యి. మా అత్తకి కళ్ళు కనపడవు, మా అంకెలకేం కాలేదు అని చెప్పు. నీ కష్టం నా కళ్ళతో పోకూడదు.”

“నిజంగానే తప్పు గీశాను అత్తయ్యా. వదిన కూడా తప్పే చదివింది. అడగండి.”

“అది నా మీద జాలికొద్దీ అంటుంది. నాకు తెలీదూ దాని సంగతి? నోరే గానీ మనసు వెన్న.” ఆవిడ కూతురున్న వైపు కాకుండా ఇంకో వైపుకి తిరిగి అంది. “పెద్దదానా, నువ్వన్నదే సరి. నాకు కళ్ళు పోయాయి. నీతో వస్తా. ఆ సంచి ఎక్కడ పెట్టావే?”

సంచి ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది. ఇంకో అడుగు వేస్తే కాలికి తగులుతుంది.

మొగుడు పళ్ళెం గుమ్మం పక్కన దించాడు.

ఆడపడుచు కళ్ళు ఒత్తుకుని, గొంతులోకి ఎక్కడలేని పెద్దరికం తెచ్చుకుంది. “సంచి ఎక్కడిదమ్మా? ఎప్పుడో విప్పేశాను. బట్టలన్నీ నీ అల్మారాలోనే ఉన్నాయి. నేనూ ఇక్కడే ఉంటున్నా. పొద్దున్నే అందరం కలిసి నిన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఆయనేమంటాడో విన్నాకే మిగతా మాటలు.”

“అబద్ధం.”

“అబద్ధమెందుకు చెప్తానమ్మా?”

“ఆ సంచి కుట్టింది నేను. ఆ జిప్పు వేసింది నేను. మూసినప్పుడు వినపడింది. తీసిన చప్పుడు నాకు వినపడలేదు.”

కోడలి చేతిలో ఫోన్ మళ్ళీ మోగడం మొదలైంది. ఆఫీసరే. “ఎత్తవే పిల్లా, కళ్ళదే తప్పని చెప్పు,” అని అత్తగారు భుజం కుదుపుతోంది. కోడలు ఎత్తలేదు, కట్ చెయ్యలేదు.

ఆడపడుచు వచ్చి తల్లి ముందు నేల మీద కూర్చుంది. సంచిని దగ్గరికి లాక్కుని, ఆ కొస నుంచి ఈ కొస దాకా, వరండా అంతా వినపడేలా, జిప్పు బర్రున లాగింది.

“ఇప్పుడు వినపడిందా?”